మన పాఠం పక్క సంస్థకు చేరాలంటే

1971లో బంగ్లాదేశ్ యుద్ధం నడుస్తున్న రోజుల్లో పశ్చిమ బెంగాల్ సరిహద్దున ఉన్న బన్‌గావ్‌లో శరణార్థుల మధ్య కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన పొడిని పొట్లాలు కట్టించి, నీళ్లలో కలిపి తాగించమని రోగుల బంధువుల చేతికే ఇచ్చారు. అంతకుముందు నూటికి 30 మంది దాకా చనిపోతున్న చోట మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. ఈరోజు మనం ఓఆర్ఎస్ పొట్లం అనేది దాని సంతతే.

23 ఏళ్లు గడిచాయి. 1994 జులైలో రువాండా నుంచి పారిపోయిన లక్షల మంది, అప్పటి జైర్ దేశంలోని గోమా పట్టణం చుట్టూ చేరారు. కలరా వచ్చింది, దాని వెనకే రక్తవిరేచనాలు వచ్చాయి. మొదటి నెలలోనే దాదాపు 50,000 మంది చనిపోయారు. సహాయ సంస్థలు లేక కాదు, వందకు పైగా ఉన్నాయి. ఢాకాలోని అతిసార పరిశోధన కేంద్రం నుంచి అక్కడికి వెళ్లిన వైద్య బృందం ఆ తరువాత రాసిన కారణాలు చదివితే గుండె బరువెక్కుతుంది. నోటిద్వారా ఇచ్చే ద్రావణాన్ని తగినంతగా వాడలేదు. సెలైన్ ఎక్కించిన చోట చాలా నెమ్మదిగా ఎక్కించారు, కొన్నిచోట్ల అసలు ఆ జబ్బుకు తగని సెలైన్ పెట్టారు. ముదిరిన కలరాకు వైద్యం చేసిన అనుభవం సిబ్బందిలో చాలామందికి లేదు. బన్‌గావ్‌లో, ఢాకాలో పాతబడిపోయిన పాఠం గోమా గుడారంలో రాత్రి డ్యూటీ చేస్తున్న నర్సు దాకా రాలేదు.

రువాండా సహాయక చర్యలపై అనేక ప్రభుత్వాలు, సంస్థలు ఉమ్మడిగా చేయించిన సమీక్ష 1996లో వెలువడింది. ఆ మరుసటి ఏడాది ఆల్నాప్ అనే నెట్‌వర్క్ పుట్టింది. విపత్తుల్లో పనిచేసే స్వచ్ఛంద సంస్థలు, ఐక్యరాజ్యసమితి విభాగాలు, రెడ్‌క్రాస్, నిధులిచ్చే ప్రభుత్వాలు, పరిశోధకులు ఒకరి అనుభవం నుంచి ఇంకొకరు నేర్చుకునే వేదిక అది. లండన్‌లోని ఒక చిన్న కార్యాలయం దాన్ని నడుపుతోంది.

అలాంటి వేదికను, దానికంటే ఎంతో చిన్నదే అయినా, మొదటిసారి కట్టబోయేవారి కోసం రాస్తున్న వ్యాసం ఇది. మీరు ఏదో ఒక సంస్థలో ప్రాజెక్టు చూసేవారు కావచ్చు, జిల్లా కోఆర్డినేటర్ కావచ్చు. “మిగతా సంస్థలతో కలిసి ఒక లెర్నింగ్ నెట్‌వర్క్ పెట్టండి” అని పైనుంచి ఒక ఉత్తరం వచ్చి ఉండవచ్చు. ఎక్కడ మొదలుపెట్టాలి?

మొదటి అడుగు: ఒక ప్రశ్న పట్టుకోండి

చాలామంది పేరుతో మొదలుపెడతారు, లోగో గీయిస్తారు, ఒక వెబ్‌సైట్ తెరుస్తారు. ఆరు నెలల తర్వాత అందులో పాత నివేదికలు తప్ప ఏమీ ఉండవు. ముందు కావలసింది ప్రశ్న. అదీ మీ ఒక్కరినే కాకుండా, వేరే దేశంలో ఇంకొకరిని కూడా ఈపాటికే నిద్రపోనివ్వని ప్రశ్న అయి ఉండాలి.

ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా దాన్నే వెంట పెట్టుకుందాం. ఫ్లోరైడ్ నీళ్లు. మన దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించింది 1937లో, నెల్లూరు జిల్లాలో. తరువాత నల్గొండ పేరు దీనికి పర్యాయపదమైపోయింది. వంగిన కాళ్లు, బిగిసిన వెన్నులు, మచ్చల పళ్లు మనకు పరిచయమే. నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కి దించే ఒక పద్ధతిని తయారుచేసింది. దాని పేరే ‘నల్గొండ పద్ధతి’. ఇథియోపియా, కెన్యా, టాంజానియాల గుండా సాగే రిఫ్ట్ లోయలోనూ ఇదే శాపం ఉంది. అక్కడి సంస్థలు ఈ పద్ధతిని ఇదే పేరుతో వాడి చూశాయి. కాబట్టి మిర్యాలగూడ దగ్గరి ఒక సంస్థకూ, ఇథియోపియాలోని ఒక సంస్థకూ మాట్లాడుకోవడానికి బోలెడంత ఉంది. ఈ రెంటినీ కలిపే నెట్‌వర్క్‌ను మీరు కడుతున్నారని అనుకుందాం.

“సురక్షిత తాగునీటి రంగంలో అనుభవాల మార్పిడి” అనేది ప్రశ్న కాదు, బ్యానర్ మీద రాసుకునే మాట. “పటిక కలిపే మనిషి రాని రోజున ఊరు ఏ నీళ్లు తాగుతోంది? మానేసిన ఊళ్లలో ఎందుకు మానేశారు?” ఇది ప్రశ్న. జవాబు చెప్పగలిగినవాళ్లు ఎవరో ఇది అడగ్గానే తెలిసిపోతుంది. మీ ప్రశ్నను రెండు వాక్యాల్లో రాసి, మీ సంస్థలో పంపు దగ్గర పనిచేసే మనిషికి చూపించండి. ఆయన వెంటనే మాట్లాడడం మొదలుపెడితే ప్రశ్న బాగున్నట్టు. “సార్, మంచిగుంది” అని ఊరుకుంటే మళ్లీ రాయండి.

రెండో అడుగు: మనుషుల్ని పిలవండి

ఆరు నుంచి పది సంస్థలు చాలు. ఇది నా లెక్క, ఎక్కడా శాసనం లేదు. అంతకు మించితే మొదటి ఏడాది పరిచయాలతోనే గడిచిపోతుంది.

ప్రతి సంస్థ నుంచి ఇద్దరిని అడగండి. ఒకరు నిర్ణయం తీసుకోగలిగినవారు, ఇంకొకరు చేతులతో పని చేసేవారు. రెండోవారి పేరు మీరే అడిగి తెలుసుకోండి. అడగకపోతే ప్రతిసారీ ఇంగ్లిష్ బాగా వచ్చిన కుర్రాణ్ణి పంపుతారు, అతనికి ఆ పంపు ఏ ఊళ్లో ఉందో కూడా తెలిసి ఉండదు.

మీ పద్ధతిని నమ్మని వాళ్లను కూడా పిలవండి. ఇక్కడ శ్రీ వరి సాగు కథ గుర్తుచేసుకోవాలి. మడగాస్కర్‌లో హెన్రీ ద లొలానీ అనే ఫ్రెంచ్ పాదరీ 1980లలో రైతుల మధ్య ఉంటూ లేత నారును ఒక్కొక్క మొక్కగా, దూరందూరంగా, నీరు నిలవకుండా పెంచే పద్ధతిని రూపొందించారు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ ఆచార్యులు నార్మన్ అప్‌హాఫ్ దాన్ని చూసి దేశదేశాల శాస్త్రవేత్తలకు, స్వచ్ఛంద సంస్థలకు పరిచయం చేశారు. 2003 ఖరీఫ్‌లో మన వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లో రైతుల పొలాల్లోనే పెట్టి చూసింది. పేరున్న వరి శాస్త్రవేత్తలు కొందరు ఆ దిగుబడి లెక్కల్ని గట్టిగా ప్రశ్నించారు. ఆ వాదం మంచికే వచ్చింది. ఎవరి పొలంలో ఏం కొలిచారు, ఎలా కొలిచారు అన్నది అందరూ జాగ్రత్తగా చూసుకోవలసి వచ్చింది. వంతపాడేవాళ్లే చేరిన చోట ఎవరూ ఏమీ నేర్చుకోరు.

ఆ కథలో ఇంకో సంగతి కూడా ఉంది. మడగాస్కర్ పద్ధతి మన దగ్గరికి ఉన్నదున్నట్టు రాలేదు. మడిలో గళ్లు గీయడానికి తాడు పట్టుకుని కూర్చుంటే మన కూలి లెక్కకు గిట్టదు. మడిలో దొర్లించుకుంటూ పోయే మార్కర్‌ను ఒక ఆంధ్ర రైతు తయారుచేశాడు. కలుపు తీసే వీడర్‌ను మన నేలలకు తగ్గట్టు రకరకాలుగా మార్చుకున్నారు. మీ నెట్‌వర్క్‌లో ఎవరైనా “అక్కడ చేసినట్టే చేశాం” అంటే సంతోషించకండి, “మీరు ఏం మార్చారు?” అని అడగండి.

మూడో అడుగు: మొదటిసారి కూర్చోవడం

ఇక్కడ తొందరపడకండి. చాలా నెట్‌వర్క్‌లు మొదటి సమావేశంలోనే చచ్చిపోతాయి. పది సంస్థలు, పది ప్రెజెంటేషన్లు, ఒక్కొక్కటి ఇరవై నిమిషాలు, భోజనం, గ్రూప్ ఫోటో. ప్రతివాళ్లూ తమ గొప్ప చెప్పుకుని వెళతారు. ఎదుటివాళ్ల గొప్ప విని ఎవరూ నేర్చుకోలేరు.

దానికి బదులు ఒక్క సంస్థ కష్టాన్ని మధ్యలో పెట్టండి. 1990లలో బీపీ చమురు కంపెనీలో ఒక పద్ధతి వాడేవారు. కొత్త పని మొదలుపెట్టేముందు, అలాంటి పని ఇదివరకు చేసినవాళ్లను ఇతర చోట్ల నుంచి పిలిపించి సలహా అడగడం. తరువాత అభివృద్ధి సంస్థలు దాన్ని అందుకున్నాయి. తోటివారి సాయం అనుకోండి. దానికి మూడు గంటలు చాలు.

మొదటి అరగంట ఆతిథ్య సంస్థ తన కష్టం చెప్పాలి. “మేం 12 ఊళ్లలో పటిక యూనిట్లు పెట్టాం, అందులో 7 ఆగిపోయాయి, మిగతావి ఆగకుండా ఉండాలంటే ఏం చేయాలి?” అంటే చాలు. సంస్థ చరిత్ర, ఆశయాలు, అవార్డులు వద్దు. తరువాతి ముప్పావు గంట అతిథులు ప్రశ్నలే అడగాలి, సలహా ఇవ్వకూడదు. ఇది అందరికీ కష్టం, మన తెలుగువాళ్లకు మరీ కష్టం. ప్రశ్న రూపంలో సలహా వస్తుంది: “మీరు కమిటీ ఎందుకు వేయలేదు?” నడిపేవాళ్లు దాన్ని మెల్లగా ఆపాలి. “కమిటీ ఉందా? ఎవరున్నారు? చివరిసారి ఎప్పుడు కూర్చున్నారు?” అన్నవి ప్రశ్నలు. ఆ తర్వాత ఒక గంట అతిథులు తమలో తాము మాట్లాడుకోవాలి, ఆతిథ్య సంస్థవాళ్లు పక్కన కూర్చుని నోరు మెదపకుండా రాసుకోవాలి. ప్రతి సలహా “మా దగ్గర...” అనే మాటతో మొదలవ్వాలి. “మా దగ్గర పటిక కలిపే అమ్మకు నెలకు కొంత ఇవ్వడం మొదలుపెట్టాకే నడిచింది” అనడానికి, “మీరు గౌరవ వేతనం ఇవ్వాలి” అనడానికి చాలా తేడా ఉంది. చివర మిగిలిన సమయంలో ఆతిథ్య సంస్థ సోమవారం నాడు తాను చేయబోయే రెండు పనులు చెప్పాలి. మూడు నెలల తర్వాత వాటి సంగతి ఏమైందో చెబుతామని మాట ఇవ్వాలి.

తరువాతి సమావేశం ఈ మాటతోనే మొదలవుతుంది. ఇంకొక సంస్థ తన కష్టం తెస్తుంది. ఇలా నాలుగైదు సార్లు జరిగాక మీకు నెట్‌వర్క్ ఉన్నట్టు. అప్పుడు పేరు పెట్టుకోండి.

నాలుగో అడుగు: బండెక్కించండి

నాకు అన్నింటికంటే నమ్మకం ఉన్న అడుగు ఇదే.

ముంబయి బైకుల్లా పేవ్‌మెంట్ల మీద కాపురం ఉండే ఆడవాళ్లు మహిళా మిలన్ పేరిట కూడారు. వాళ్లు రోజూ కొద్దికొద్దిగా పొదుపు చేశారు. తమ వాడల్లోని ఇళ్లను, మనుషులను తామే లెక్కపెట్టుకున్నారు. కర్రలు, గుడ్డలతో నిలువెత్తు ఇంటి నమూనా కట్టి అందులోకి నడిచి వెళ్లి, వంటగది ఎక్కడ ఉండాలో తేల్చుకున్నారు. జాకిన్ అర్పుతం నడిపిన మురికివాడల సమాఖ్య, ఈ మహిళలు 1990ల మొదట్లో దక్షిణాఫ్రికా గుడిసెవాసులతో రాకపోకలు మొదలుపెట్టారు. నిపుణుల బృందాలు వెళ్లలేదు, గుడిసెలో ఉండే మనిషి ఇంకో గుడిసెకు వెళ్లి అక్కడే కూర్చుని పొదుపు పుస్తకం ఎలా రాయాలో చూపించింది. 1996లో ఈ పేదల సమాఖ్యలన్నీ కలిసి స్లమ్ డ్వెల్లర్స్ ఇంటర్నేషనల్ అయ్యాయి. పొదుపు, వాడ లెక్కింపు, ఇంటి నమూనా దక్షిణాఫ్రికా, జింబాబ్వే, నమీబియా, కెన్యాల వాడవాడకూ వెళ్లాయి.

మన దగ్గర ఇది కొత్త కాదు. 2000లో వెలుగు పథకంగా మొదలైన పనిలో ఎదిగిన మన పొదుపు సంఘాల అక్కలు బీహార్, రాజస్థాన్, అస్సాం వంటి రాష్ట్రాలకు వెళ్లి సంఘాలు పెట్టించారు. ఇలా సీఆర్పీలుగా (కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్లుగా) వెళ్లినవాళ్లు 45 రోజుల విడతలో ఒక్కో ఊళ్లో 15 రోజులుంటారు. “నేనూ నీలాగే ఉండేదాన్ని” అని ఒక అక్క తన అప్పు కథ చెబితే, ఏ శిక్షణ పుస్తకమూ చేయలేని పని జరుగుతుంది. ఈ సంగతి తెలుగు నేల మీద పనిచేసినవాళ్లకు బాగా తెలుసు.

మీ నెట్‌వర్క్ కోసం ఇలా చేయండి. ఇథియోపియా నుంచి ఇద్దరు వస్తారు, ఒకరు సంస్థ కార్యకర్త, ఒకరు నీటి కమిటీ మహిళ. అయిదు రాత్రులకు తక్కువ కాకుండా ఉండాలి. హోటల్ కాదు, ఊరు. నడుస్తున్న యూనిట్‌తోపాటు తుప్పు పట్టిన యూనిట్‌నూ చూపించండి. నల్గొండ జిల్లాలో ఇంటింటికీ కృష్ణా నీళ్లు ఎలా వచ్చాయో, అది వచ్చాక పటిక పద్ధతి అవసరం ఎలా తగ్గిందో కూడా దాచకుండా చెప్పండి. వాళ్లకు అన్నింటికంటే పనికొచ్చే పాఠం అదే కావచ్చు. వాళ్లు వెళ్లేముందు రాత్రి “మేం ఇంటికెళ్లి చేసి చూసేది ఇదీ” అని చెప్పించండి, ఫోన్‌లో రికార్డు చేయండి. ఆరు నెలల్లోపు మీవాళ్లు ఇద్దరు అక్కడికి వెళ్లాలి. తిరుగు ప్రయాణం లేకపోతే అది నెట్‌వర్క్ కాదు, పర్యటన.

ఖర్చు ఎక్కువ అంటారు. నిజమే. నగరంలోని హోటల్లో అరవై మందితో మూడు రోజుల సమావేశానికి అయ్యే డబ్బుతో ఇలాంటి ప్రయాణాలు ఎన్ని అవుతాయో ఒక్కసారి కాగితం మీద వేసి చూడండి.

అయిదో అడుగు: ఓడిపోయిన పనికి కుర్చీ వేయండి

చాలా ఏళ్ల కిందట ఒక సమీక్ష సమావేశంలో ఒక ఫీల్డ్ కార్యకర్త లేచి, తమ మండలంలో యూనిట్ మూడు నెలలుగా మూతపడి ఉందని చెప్పాడు. నిధులిచ్చేవారి ప్రతినిధి ముందు వరసలో ఉన్నాడు. గదిలో నిశ్శబ్దం. తరువాతి సమావేశానికి ఆ కార్యకర్తను తీసుకురాలేదు. ఆ రోజు నుంచి ఆ గదిలో అన్ని యూనిట్లూ నడుస్తూనే ఉన్నాయి. అప్పుడు నేనూ ఆ గదిలోనే ఉన్నాను, లేచి మాట్లాడలేదు. ఆ బాధ ఇంకా ఉంది.

దీనికి మందు లేకపోలేదు. కెనడాలోని ఇంజినీర్స్ వితౌట్ బోర్డర్స్ సంస్థ 2008 నుంచి తన వైఫల్యాలతోనే ఒక వార్షిక నివేదిక వేయడం మొదలుపెట్టింది. ప్లేపంప్ కథ వంటివి బయటికి రావడంలో క్షేత్రంలో పనిచేసేవాళ్ల గొంతే పనికొచ్చింది. పిల్లలు ఆడుకునే రంగులరాట్నంతో నీళ్లు తోడే పంపు అది. దక్షిణాఫ్రికాలో మొదలైంది, 2006లో అమెరికాలో కోట్ల డాలర్ల హామీలు పొందింది. ఆట ఆడే పిల్లలు పొద్దంతా ఉండరు. నీళ్లు కావలసినప్పుడు ఆ చక్రాన్ని తిప్పవలసి వచ్చింది ఆడవాళ్లకే. చెడిపోతే బాగుచేసే దిక్కు దగ్గర్లో లేదు. 2010కల్లా దాన్ని నడిపిన సంస్థ ఆ పనిని వేరే సంస్థకు అప్పగించింది. ముందే ఒక గదిలో నాలుగు దేశాల పంపు మెకానిక్‌లు కూర్చుని ఉంటే ఈ మాట మొదటి రోజే చెప్పేవారని నా నమ్మకం.

మీ గదిలో ఇది జరగాలంటే రెండు నియమాలు పెట్టుకోండి. ఒకటి, వైఫల్యం మొదట చెప్పవలసింది అందరికంటే పెద్ద సంస్థ, అందులోనూ దాని పెద్ద. చిన్నవాడిని ముందు నిలబెట్టకండి. రెండు, నిధులిచ్చేవారు సమావేశంలో సగం రోజు ఉండకూడదు. వాళ్లకు ముందే చెప్పండి, అర్థం చేసుకునేవాళ్లు చాలామందే ఉంటారు.

మాట్లాడే తీరుకు నాలుగు ప్రశ్నలు సాయపడతాయి. అమెరికా సైన్యంలో పుట్టి అన్నిచోట్లా పాకినవి ఇవి: ఏం జరగాలనుకున్నాం? ఏం జరిగింది? తేడా ఎందుకు వచ్చింది? ఈసారి ఏం మారుస్తాం? వీటిలో “ఎవరి తప్పు?” అన్న ప్రశ్న లేదని గమనించండి. మన ఫ్లోరైడ్ ఉదాహరణలో వీటికి జవాబులు ఇలా వస్తాయి: పటిక కలిపాక అడుగున మిగిలే మడ్డిని ఎక్కడ పారబోయాలో ఎవరూ ఆలోచించలేదు. ఫ్లోరైడ్ మరీ ఎక్కువున్న నీళ్లకు పటిక చాలా పట్టింది. తూర్పు ఆఫ్రికాలో ఎముకల బొగ్గుతో వడకట్టే పద్ధతి కొన్నిచోట్ల బాగా పనిచేసినా, పశువుల ఎముకల మీంచి వచ్చిన నీళ్లు తాగమని కొందరు ఒప్పుకోలేదు. ఇలాంటివి తెలిస్తే పక్కవాళ్లకు ఏళ్లు మిగులుతాయి.

ఆరో అడుగు: నడిపే మనిషి, భాష, డబ్బు

నడపడానికి ఒక్క మనిషి కావాలి, కనీసం సగం జీతంతో. ఫోన్ చేసి “మీరు చెప్పిన రెండు పనులు ఏమయ్యాయి?” అని అడిగే మనిషి. ఆమె పెద్ద నిపుణురాలు కానక్కర్లేదు, అందరి నమ్మకం ఉంటే చాలు. సంస్థలు కొద్దికొద్దిగానైనా చందా వేసుకోవాలి. ఊరికే వచ్చేదానికి ఎవరూ టైమ్‌కు రారు.

భాష సంగతి దగ్గర గట్టిగా నిలబడండి. అంతర్జాతీయ సమావేశం అనగానే ఇంగ్లిష్ కుర్చీ ఎక్కుతుంది, పంపు మెకానిక్ మూలకు వెళ్లిపోతాడు. అనువాదకుల ఖర్చు బడ్జెట్‌లో మొదటి వరసలో రాయండి. నల్గొండ మనిషి తెలుగులో, ఇథియోపియా మనిషి అమ్హారిక్‌లోనో ఒరోమోలోనో మాట్లాడనివ్వండి. ఆలస్యమవుతుంది, కానివ్వండి.

రాతకోతలు తక్కువ పెట్టుకోండి. ప్రతి ప్రయాణానికి, ప్రతి సమావేశానికి ఒక్క పేజీ చాలు: ప్రశ్న, ఎవరు ఏం చెప్పారు, ఎవరు ఏం చేస్తామన్నారు. చదవడం రాని సభ్యులకు అదే సంగతి వాయిస్ మెసేజ్‌గా పంపండి.

ఏడో అడుగు: పనిచేస్తోందా లేదా చూసుకోండి

ఎన్ని సమావేశాలు, ఎంతమంది హాజరు అన్న లెక్క నిధులిచ్చేవారికి కావాలి, ఇవ్వండి. మీకోసం మాత్రం వేరే లెక్క పెట్టుకోండి: ఎవరు, ఎవరి దగ్గర విన్నది, తమ పనిలో ఏం మార్చారు? రిక్ డేవిస్ అనే పరిశోధకులు 1990లలో బంగ్లాదేశ్‌లో ఒక సంస్థతో పనిచేస్తూ తేలికైన పద్ధతి తయారుచేశారు. “ఈ మధ్య వచ్చిన మార్పుల్లో అన్నింటికంటే ముఖ్యమైనది ఏది, ఎందుకు?” అని అందరినీ అడిగి, ఆ కథల్ని కలిసి చదివి, ఒకదాన్ని ఎంచుకుని, ఎందుకు ఎంచుకున్నారో రాసుకోవడం. ఏడాదికి రెండుసార్లు చేయండి. రెండేళ్లలో ఒక్క సంస్థ కూడా ఒక్క పనీ మార్చకపోతే మీ ప్రశ్న తప్పు, లేదా మనుషులు తప్పు. మొదటి అడుగుకు వెనక్కి వెళ్లండి.

ప్రశ్నకు జవాబు దొరికితే నెట్‌వర్క్‌ను మూసేయడానికి సిగ్గుపడకండి. ఊళ్లకు శుద్ధమైన నీళ్లు పైపులో వచ్చిన రోజున పటిక గురించి కూడబలుక్కునే పని ఉండదు.

ఇదంతా చదివి ముందు ప్రాజెక్టు రాయాలేమో అనుకోకండి. ఈ వారంలో మీ ప్రశ్నను రెండు వాక్యాల్లో రాయండి. అదే పని చేస్తున్న వేరే సంస్థలో పంపు దగ్గర, పొలంలో, వార్డులో పనిచేసే ఒక మనిషి నంబరు కనుక్కుని ఫోన్ చేయండి. “మీ దగ్గర ఏది ఆగిపోయింది?” అని అడిగి, వాళ్లు చెప్పేదాకా ఆగండి.